ఆమ్‌స్టర్‌డ్యామ్ బస్సుల్లో వచ్చే ఇబ్బందులు, వాటికి మందు

ఆమ్‌స్టర్‌డ్యామ్ చూడటానికి వచ్చే మనవాళ్లు దారి తప్పడం అరుదు, ఫోన్లో మ్యాప్ ఉంటుంది కదా. ఎక్కువమంది ఇబ్బంది పడేది బస్సు తలుపు దగ్గర, కార్డు చేతిలో పట్టుకుని. అందుకే ముందు కార్డు సంగతులే చెబుతాను.

కార్డు పెడితే ఎర్ర లైటు వస్తోంది

ఇక్కడ కండక్టర్ ఉండడు, డ్రైవర్ నోట్లు తీసుకోడు. 2023 నుంచి దేశమంతటా బస్సు, ట్రామ్, మెట్రో, రైలు అన్నిట్లో మామూలు బ్యాంకు కార్డునే మెషీన్‌కు ఆనించి ఎక్కొచ్చు. ఈ పద్ధతి పేరు ఓవీపే. వీసా, మాస్టర్‌కార్డ్ అయితే సరిపోతుంది. రూపే మీద మాత్రం ఆశ పెట్టుకోకండి.

వీసా కార్డే అయినా ఎర్ర లైటు వస్తే, తప్పు చాలాసార్లు బస్సు మెషీన్‌ది కాదు. రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం 2020 నుంచి మన కార్డుల్లో విదేశీ వాడకం, కాంటాక్ట్‌లెస్ రెండూ మొదట ఆఫ్‌లోనే ఉంటాయి. మనమే ఆన్ చేసుకోవాలి. బ్యాంకు యాప్‌లో కార్డు సెట్టింగ్స్‌కి వెళ్తే రెండింటికీ వేర్వేరు స్విచ్‌లు కనిపిస్తాయి. చాలామంది మొదటిది ఆన్ చేసి రెండోది మర్చిపోతారు. ఈ పని ఇంటి దగ్గరే ముగించుకుని విమానం ఎక్కండి. ఇక్కడికొచ్చాక చేద్దామంటే ఓటీపీ మీ ఇండియా సిమ్‌కి వస్తుంది, అది పనిచేయకపోతే అక్కడే ఆగిపోతారు.

నిన్నటిదాకా పనిచేసిన కార్డు ఇవాళ మొరాయిస్తే కారణం వేరు. ఓవీపే ప్రయాణం చేసిన క్షణంలో డబ్బు తీసుకోదు, రోజు మొత్తం లెక్క కట్టి తర్వాత తీసుకుంటుంది. ఆ సమయానికి ఫారెక్స్ కార్డులో బ్యాలెన్స్ లేకపోతే బాకీ పడుతుంది, కార్డు బ్లాక్ అవుతుంది. కార్డులో యూరోలు వేసుకుని, ఓవీపే సైట్‌లో ఆ బాకీ కట్టేస్తే మళ్లీ దారికొస్తుంది.

దూరం కొంచెమే, డబ్బు మాత్రం ఎక్కువ పోయింది

దిగేటప్పుడు కార్డు ఆనించలేదన్నమాట. ఛార్జీలో రెండు భాగాలుంటాయి: ఎక్కినందుకు ఒక కనీస మొత్తం, ఆపైన కిలోమీటర్ల లెక్క. ఎక్కడ దిగారో మెషీన్‌కు తెలియకపోతే కిలోమీటర్ల లెక్క కుదరదు, అప్పుడు ఒక స్థిరమైన మొత్తం కోసేస్తారు. మన ఊళ్లలో టికెట్ చేతిలో పడగానే పని అయిపోయినట్టే, ఆ అలవాటు ఇక్కడ పనికిరాదు.

మెషీన్లు తలుపుల పక్కనే స్తంభాలకు ఉంటాయి. ఎక్కేటప్పుడు ఆకుపచ్చ లైటు, తెర మీద అక్షరాలు వస్తాయి. దిగేటప్పుడూ అదే చూసుకుని కాలు కింద పెట్టండి. ఆనించగానే చెయ్యి లాగేయకుండా లైటు వచ్చేదాకా ఆగాలి. ఆదరాబాదరాగా చూపించి దిగిపోతే చాలాసార్లు నమోదు కాదు.

ఇంకో తిరకాసు ఉంది. ఎక్కేటప్పుడు ఫోన్, దిగేటప్పుడు కార్డు వాడితే, బ్యాంకు ఖాతా ఒకటే అయినా మెషీన్‌కు అవి రెండు వేర్వేరు కార్డులు. రెండూ సగం సగం ప్రయాణాలుగా మిగులుతాయి. పర్సు మొత్తాన్ని ఆనించినా ఇదే గొడవ, ఎక్కేటప్పుడు ఒక కార్డు, దిగేటప్పుడు పక్కది అందుకుంటుంది. ప్రయాణాలకు ఒక్క కార్డే బయటికి తీసి జేబులో విడిగా పెట్టుకోండి.

ఇప్పటికే డబ్బు పోయిందా? ఓవీపే యాప్‌లో గానీ సైట్‌లో గానీ ఆ ప్రయాణం తెరిచి, ఎక్కడ దిగారో నమోదు చేసి సరిచేయమని అడగొచ్చు.

బస్సు మారేటప్పుడు కూడా దిగుతూ ఒకసారి, ఎక్కుతూ ఒకసారి ఆనించాల్సిందే. 35 నిమిషాల్లోపు రెండో బస్సెక్కితే కనీస మొత్తం మళ్లీ పడదు.

ఒకే కార్డుతో ఇద్దరం ఎక్కాం

కుదరదు. రెండోసారి ఆనిస్తే మెషీన్ దాన్ని దిగినట్టుగా తీసుకోవచ్చు, అప్పుడు ఇద్దరికీ టికెట్ లేనట్టే. తలకొక కార్డు కావాలి. నాలుగేళ్లలోపు పిల్లలకు అక్కర్లేదు. పెద్దవాళ్లకు కాంటాక్ట్‌లెస్ కార్డు లేకపోతే వాళ్లకు విడిగా టికెట్ కొనిపెట్టడమే హాయి.

డే టికెట్ ఉంది, అయినా ఒప్పుకోలేదు

ఇది ఎవరి బస్సు అన్నదాంట్లో ఉంది. నగరం లోపల తిరిగేవి జీవీబీ సంస్థవి. స్కిపోల్ విమానాశ్రయం నుంచి నగరంలోకి వచ్చే 397 కనెక్షన్ (Connexxion) అనే సంస్థది. గాలిమరలు చూడటానికి జాన్సే స్కాన్స్ వెళ్లే బస్సు, వోలెన్‌డామ్ ఊరికి వెళ్లే 316 ఈబీఎస్ అనే మరో సంస్థవి. జీవీబీ డే టికెట్ జీవీబీ వాహనాల్లోనే చెల్లుతుంది. చుట్టుపక్కల ఊళ్లు కూడా చూడాలంటే ఆమ్‌స్టర్‌డ్యామ్ అండ్ రీజియన్ ట్రావెల్ టికెట్ అని ఒకటుంది, అది తీసుకోండి. రోజుకు ఒకటి రెండుసార్లు మాత్రమే ఎక్కేవాళ్లకు ఏ పాసూ అక్కర్లేదని నా అభిప్రాయం, బ్యాంకు కార్డు చాలు.

డే టికెట్ అయినా సరే, ఎక్కుతూ దిగుతూ ఆనించాలి.

సెంట్రల్ స్టేషన్ ముందు బస్సే కనిపించడం లేదు

మీరు తప్పు వైపు నిలబడ్డారు. ముందు వైపు ట్రామ్‌లు. పై ఊళ్లకు వెళ్లే బస్సులు స్టేషన్ వెనక, ఐ (IJ) అనే జలమార్గం వైపు, పై అంతస్తులో గాజు కప్పు కింద ఆగుతాయి. స్టేషన్‌లోంచి వెనక్కి నడిచి ఎస్కలేటర్ ఎక్కితే బోర్డు మీద బస్సు నంబరు పక్కన ప్లాట్‌ఫాం అక్షరం ఉంటుంది. అంత దూరం వెళ్లారు కాబట్టి కిందికి దిగి ఆ నీళ్లు దాటించే ఫెర్రీ కూడా ఎక్కి చూడండి, అది ఉచితం.

బస్సు ఆగకుండా వెళ్లిపోయింది

స్టాపులో బెంచీ మీద కూర్చుని ఫోన్ చూసుకుంటుంటే డ్రైవర్ ఎక్కేవాళ్లు లేరనుకుంటాడు. నంబరు కనిపించగానే లేచి చెయ్యెత్తండి. లోపలున్నప్పుడు మీ స్టాపుకు ముందే ఎర్ర స్టాప్ బటన్ నొక్కాలి. ఒకే పేరుతో రోడ్డుకు రెండు వైపులా స్టాపులుంటాయి కాబట్టి బస్సు నుదుటి మీద రాసిన చివరి ఊరు చూసుకోండి.

టైమ్ దాటినా బస్సు రాలేదు

స్టాపులో అతికించిన కాగితం కాదు, 9292 యాప్ చూడండి, ఆలస్యాలు, రద్దులు అందులో తెలుస్తాయి. ఏప్రిల్ 27న రాజుగారి పుట్టినరోజు పండుగ, ఆ రోజు నగర కేంద్రంలో బస్సుల దారులు మారిపోతాయి. డిసెంబర్ 31 సాయంత్రం బస్సులు త్వరగా ఆగిపోతాయి, రాత్రికి హోటల్ ఎలా చేరాలో ముందే చూసుకోండి.

దిగగానే సైకిల్ బెల్లులు, అరుపులు

కొన్ని స్టాపుల్లో బస్సుకూ ఫుట్‌పాత్‌కూ మధ్య ఎర్ర రంగు దారి ఉంటుంది. అది సైకిళ్లది. సూట్‌కేసుతో అక్కడ నిలబడకుండా, రెండు వైపులా చూసి ఒక్కసారిగా దాటేయండి.