టీవీలో ఆ ఒక్కటి ఆపి సినిమా చూడండి

ఇంట్లో చూసిన సినిమాల్లో నచ్చినవీ నచ్చనివీ ఏడాది చివర్న లెక్కేసుకునేవాళ్లకి ఒక మాట. దేన్నైనా చెత్త కింద రాసేముందు టీవీ సెట్టింగులు ఓసారి చూడండి. చాలా కొత్త టీవీల్లో మోషన్ స్మూతింగ్ ముందే ఆన్‌లో ఉంటుంది. సెకనుకు 24 ఫ్రేముల సినిమాలో లేని ఫ్రేములు కల్పించి ఇరికిస్తుంది. దాంతో ఎంత గొప్ప సినిమా అయినా డైలీ సీరియల్లా కనిపిస్తుంది. క్రికెట్‌కైతే పర్లేదు. పిక్చర్ మెనూలోకెళ్లి ఆపేయండి, లేదా సినిమాని తీసింది తీసినట్టే చూపించే ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అది పెట్టండి.

ఈ ఏడాది నా మొదటి ఓటు 1957 నాటి మాయాబజార్‌కే. 2010లో రంగులద్దిన ప్రింటు వచ్చింది గానీ, కెమెరామన్ మార్కస్ బార్‌ట్లే తీసిన ఆ వెన్నెల్లో పడవ పాట నలుపు తెలుపులోనే చూడాలి. అదీ రాత్రిపూట, లైట్లార్పి. మన బెజవాడ మధ్యాహ్నం ఎండకి ఏ కర్టెనూ ఆగదు.

అస్సలు నచ్చనిది ఓ కొత్త థ్రిల్లర్. సంగీతం హోరు, మాటలేమో గొణుగుడు. ఇలాంటప్పుడు ఆడియోని 5.1 (ఆరు స్పీకర్ల సౌండ్) నుంచి స్టీరియోకి (రెండు స్పీకర్లది) మార్చి చూడండి, చాలాసార్లు మాటలు తేటగా వినిపిస్తాయి. కథకి మాత్రం ఏ సెట్టింగూ లేదు లెండి.