ఎండాడ, రుషికొండ వైపు ఇల్లు కొంటున్నారా? ముందు నేల సంగతి చూడండి

విశాఖలో కాస్త పెద్ద బడ్జెట్‌తో ఇల్లు కొనాలనుకునేవాళ్లు ఇప్పుడు ఎక్కువగా హనుమంతవాక దాటాకే వెతుకుతున్నారు. ఎండాడ, రుషికొండ, సాగర్ నగర్, మధురవాడ, కొమ్మాది, ఇంకా ముందుకెళ్తే భీమిలి రోడ్డు. బాల్కనీలో నిలబడి సముద్రం చూడగానే సగం నిర్ణయం అక్కడే అయిపోతుంది. మాకూ అలాగే అయింది. ఎండాడలో ఒక ఇల్లు నచ్చి, ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా) క్లియర్‌గా ఉంది కదా ఇంకేం చూడాలి అనుకుని అదే వారం టోకెన్ ఇచ్చేశాం. తర్వాత లాయరు గారు లింకు డాక్యుమెంట్లు, అంటే పాత యజమానుల దస్తావేజులు, తిరగేస్తే ఆ సర్వే నంబరులో కొంత భాగం 22ఏ జాబితాలో ఉందని తేలింది. టోకెన్ డబ్బులు తిరిగి రావడానికి ఏడు నెలలు పట్టింది, ఆ ఏడు నెలలూ ఇంట్లో ఎవరికీ సరిగ్గా నిద్ర లేదు. అందుకే చెప్తున్నాను, ముందు నేల చూడండి, తర్వాత గోడలు, బాల్కనీ ఆఖర్న.

22ఏ అంటే రిజిస్ట్రేషన్ చట్టంలోని సెక్షన్. ప్రభుత్వ భూములు, అసైన్డ్ భూములు, దేవాదాయ, వక్ఫ్ భూములు, సీలింగ్ మిగులు భూములు ఆ నిషేధిత జాబితాలో ఉంటాయి. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో సర్వే నంబరు కొట్టి మీరే చూసుకోవచ్చు, కానీ అక్కడితో ఆగకుండా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో కూడా అడగండి. సర్వే నంబరు ఒకటే అయినా సబ్ డివిజన్లు చాలా ఉంటాయి, మీ ఇల్లు ఏ ముక్కలో ఉందో కాగితం మీద తేలాలి.

మన ఊళ్లో ఇది మరీ ముఖ్యం ఎందుకంటే ఇక్కడి నేలకు చాలా చరిత్ర ఉంది. సింహాచలం దేవస్థానం పంచగ్రామాల సమస్య, అంటే అడవివరం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి, వెంకటాపురంలో భూమి దేవస్థానానిదా, అక్కడ ఇళ్లు కట్టుకున్నవాళ్లదా అన్న గొడవ, దశాబ్దాలుగా నలుగుతూనే ఉంది. అటువైపు చూస్తుంటే ఇది తెలుసుకోకుండా అడుగు వేయకండి. ప్రభుత్వం పేదలకూ మాజీ సైనికులకూ ఇచ్చిన భూములు ఇంకో రకం, వీటినే అసైన్డ్ లేదా డి-పట్టా భూములు అంటారు. డి-పట్టా భూముల అమ్మకం మీద 1977 చట్టం ఆంక్షలు పెట్టింది, తర్వాత సవరణలు వచ్చాయి. "ఇప్పుడు పర్లేదండీ, రూల్ మారిపోయింది" అని బ్రోకరు అంటే, ఈ సర్వే నంబరుకు వచ్చిన అనుమతి కాగితం చూపించమనండి. ఇక గెడ్డలు, అంటే వాన నీళ్లు పారే వాగులు. కొండల మీద పడిన వాన గెడ్డల్లోంచి సముద్రానికి వెళ్తుంది, ఆ దారిని పూడ్చి ప్లాట్లు వేసిన చోట మొదట్లో అంతా బాగానే ఉంటుంది, తుఫాను వచ్చినప్పుడు నీళ్లు తమ పాత దారి వెతుక్కుంటాయి. గ్రామ నక్షాలో గెడ్డ ఎక్కడుందో సర్వేయర్‌తో చూపించుకోండి.

ఈసీ గురించి చాలామందికి ఉన్న అపోహ ఒకటి చెప్పాలి. రిజిస్టర్ అయిన లావాదేవీలే అందులో కనిపిస్తాయి. రిజిస్టర్ చేయని అగ్రిమెంటు, అన్నదమ్ముల వాటాల గొడవ, కోర్టులో నడుస్తున్న కేసు అందులో లేకపోవచ్చు. ఆన్‌లైన్‌లో 1983 నుంచే దొరుకుతుంది, అంతకు ముందుది ఆఫీసులో మాన్యువల్‌గా తీయించాలి. కనీసం 30 ఏళ్ల లింకు డాక్యుమెంట్లు ఒరిజినల్స్ చూసి, మీరు ఫీజు ఇచ్చి పెట్టుకున్న లాయరు చేత లీగల్ ఒపీనియన్ రాయించుకోండి. బిల్డరు పంపిన లాయరు బిల్డరు మనిషే.

నేల కుదిరాక అనుమతులు. లేఅవుట్‌కు వీఎంఆర్‌డీఏ (విశాఖ అభివృద్ధి సంస్థ) ఇచ్చిన ఎల్‌పీ నంబరు, అంటే లేఅవుట్ అనుమతి నంబరు, ఉందా, పాత కాగితాల్లో దాని పాత పేరు వుడా అని ఉంటుంది, భయపడక్కర్లేదు. జీవీఎంసీ (విశాఖ కార్పొరేషన్) ప్లానులో ఎన్ని అంతస్తులున్నాయి, అక్కడ ఎన్ని లేపారు? అపార్ట్‌మెంట్ అయితే కొన్ని ఫ్లాట్లు కార్పొరేషన్‌కి తనఖాలో ఉంటాయి, ఇల్లు ఉండటానికి సిద్ధమని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాకే వాటిని వదులుతారు. మీరు చూస్తున్న ఫ్లాట్ అందులో ఉందేమో అడగండి. బీచ్ పక్కనైతే, సముద్రం పోటు గీత నుంచి 500 మీటర్ల వరకు సీఆర్‌జెడ్ (తీరప్రాంత నియంత్రణ) నిబంధనలు ఉంటాయి, ఆ క్లియరెన్స్ విడిగా చూడాలి. కొత్త ప్రాజెక్టు అయితే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) నంబరు లేకుండా మాట్లాడొద్దు. రెరా ప్రకారం అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా బిల్డరు పది శాతానికి మించి తీసుకోకూడదు, ఇల్లు అప్పగించాక 5 ఏళ్ల వరకు నిర్మాణ లోపాల బాధ్యత అతనిదే. ధర మాట్లాడేటప్పుడు కార్పెట్ ఏరియా, అంటే ఇంటి లోపల మీరు వాడుకునే చోటు, మీదే మాట్లాడండి, బ్రోచర్లో వేసే అంకెలో మెట్లు, లిఫ్టు, కారిడారు అన్నీ కలిసి ఉంటాయి.

ఇప్పుడు ఇల్లు చూడండి. ఎండాకాలం ఆదివారం సాయంత్రం ఒక్కసారి కాదు, గట్టి వాన పడిన మర్నాడు, ఇంకోసారి సోమవారం ఉదయం ఎనిమిదిన్నరకి. వాన మర్నాడు సెల్లార్, కాంపౌండ్ గోడ అడుగు భాగం, రోడ్డు మలుపు చూస్తే చాలు. కొండవాలులో ఉన్న ఇల్లయితే వెనక మట్టి జారకుండా కట్టిన రిటైనింగ్ వాల్‌కి నీళ్లు పోయే రంధ్రాలున్నాయా చూడండి. సోమవారం ఆఫీసు టైంకి కార్ షెడ్ జంక్షన్ దగ్గర, హనుమంతవాక దగ్గర ఎంతసేపు ఆగుతారో మీ బండిలో మీరే చూసుకోండి. కాపులుప్పాడ వైపు అయితే డంపింగ్ యార్డు గాలి ఎటు వీస్తుందో రాత్రిపూట వెళ్లి తెలుసుకోండి.

ఉప్పుగాలి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. సముద్రానికి ఎదురుగా ఉన్న ఇంట్లో ఇనుప గ్రిల్స్, గేటు, ఏసీ బయటి యూనిట్ కాయిల్ త్వరగా పాడవుతాయి. బాల్కనీ స్లాబు అడుగున పెచ్చులు లేస్తుంటే లోపల ఊచ తుప్పు పట్టిందని అర్థం, పైన పెయింట్ వేసి చూపిస్తారు, గోటితో గీకి చూడండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఈ ఇల్లు ఉందా, కిటికీలు ఏమయ్యాయి అని పక్కింటివాళ్లని అడగండి. నీళ్ల సంగతి వాచ్‌మన్‌ని అడగాలి. మే నెలలో ట్యాంకర్లు ఎన్ని వస్తాయో ఆయన చెప్పినంత నిజంగా ఇంకెవరూ చెప్పరు. బోరు నీళ్లు ఒక గ్లాసు తాగి చూడండి, ఉప్పగా ఉంటే నాలుకకే తెలుస్తుంది.

డబ్బు లెక్క. కోటిన్నర ఇల్లు అనుకోండి. 75 లక్షలు దాటిన లోన్లకు బ్యాంకు ఇంటి విలువలో 75 శాతానికి మించి ఇవ్వదు, అంటే మీరు పెట్టాల్సింది 37.5 లక్షలు. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, ఇంకో 11.25 లక్షలు. మొత్తం 48.75 లక్షలు చేతిలో ఉండాలి, ఇంటీరియర్ ఇంకా మొదలే కాలేదు. ఇంకా కడుతున్న ఇల్లయితే 5 శాతం జీఎస్టీ అదనం, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక కొంటే అది ఉండదు. 50 లక్షలు, ఆపైన ఉన్న ఆస్తికి ఒక శాతం టీడీఎస్ (అమ్మేవాళ్ల తరఫు ఆదాయపు పన్ను) వాళ్లకిచ్చే డబ్బులోంచి మీరే కోసి కట్టాలి. అమ్మేవాళ్లు అమెరికాలో ఉంటే, ఇటువైపు విల్లాల్లో అలాంటివి చాలా ఉన్నాయి, టీడీఎస్ అంతకంటే బాగా ఎక్కువ, లెక్క వేరు, ఆడిటర్‌ని కలవకుండా డబ్బు పంపొద్దు. జీపీఏ, అంటే యజమాని ఇచ్చిన అధికార పత్రం, మీద ఎవరో సంతకం పెడుతుంటే అసలు యజమానితో వీడియో కాల్‌లో మాట్లాడండి, మామూలుగా ఆయన బతికి ఉంటేనే ఆ కాగితానికి విలువ.

రిజిస్ట్రేషన్ అయిపోయాక స్వీట్లు పంచుకోండి, కానీ రెండు వారాలయ్యాక ఈసీ మళ్లీ ఒకసారి తీసి మీ పేరు ఎక్కిందో లేదో చూడండి. తర్వాత జీవీఎంసీలో ఇంటి పన్ను, ఈపీడీసీఎల్‌లో కరెంటు మీటరు పేరు మార్పించుకోండి. పాత బకాయిలు లేవన్న రసీదులు మాత్రం తాళాలు తీసుకునే రోజే అడిగి తీసుకోండి, ఆ తర్వాత ఫోన్ ఎత్తేవాళ్లు తక్కువ.