ఈఎస్‌పీ తిరుగుతోంది, ఆయిల్ మాత్రం తగ్గిపోయింది: ఎక్కడ చూడాలి

ఈఎస్‌పీ అంటే ఆయిల్ బావి లోపలికి మోటార్‌తో సహా దించే కరెంటు పంపు. ప్రొడక్షన్ తగ్గగానే అందరూ చేసే మొదటి పని డ్రైవ్ (మోటార్ స్పీడ్ మార్చే కంట్రోలర్) దగ్గరికెళ్ళి హెర్ట్జ్ పెంచడం. దయచేసి ఆగండి. 50 నుంచి 60కి పెంచితే పంపుకి పవర్ దాదాపు 1.7 రెట్లు కావాలి, అసలు సమస్య మాత్రం అలాగే ఉంటుంది.

ముందు పైన వాల్వులు, చోక్ (బావి నుంచి వచ్చే ప్రవాహాన్ని అదుపు చేసే సన్నని దారి) చూడండి. కొత్తగా దించిన పంపు అయినా, కేబుల్ విప్పి మళ్ళీ కలిపినా రొటేషన్ (పంపు తిరిగే దిశ) చెక్ చేయాల్సిందే. ఉల్టా తిరిగినా కొంత ఆయిల్ వస్తుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. పంపు ఆపి, బ్యాక్‌స్పిన్ (కిందికి దిగే ద్రవం పంపుని వెనక్కి తిప్పడం) పూర్తిగా తగ్గాక, సప్లై ఐసొలేట్ చేసి రెండు ఫేజులు మార్చి అదే హెర్ట్జ్‌లో నడపండి, వెల్‌హెడ్ (బావి పై మూతి) ప్రెషర్ ఎటు ఎక్కువ వస్తే అదే కరెక్ట్.

ఆంప్స్ (మోటార్ తీసుకునే కరెంటు) ఊగుతూ అండర్‌లోడ్ ట్రిప్ (లోడ్ తగ్గి పంపు దానంతటదే ఆగడం) అవుతుంటే పంపులోకి గ్యాస్ వస్తోందన్నమాట. స్పీడ్ తగ్గించండి, కేసింగ్ (బావి బయటి గొట్టం) గ్యాస్ బయటికి వదలండి. ట్రిప్ సెట్టింగ్ బైపాస్ మాత్రం చేయకండి, మోటార్ కాలిపోతుంది.

ఇక అసలు దొంగ ట్యూబింగ్ (ఆయిల్ పైకొచ్చే లోపలి గొట్టం) చిల్లు. ఆంప్స్ నార్మల్, ట్రిప్పులు లేవు, పంపు చూస్తే భేషుగ్గా ఉంటుంది, కానీ ఇన్‌టేక్ (పంపు ద్రవాన్ని పీల్చుకునే చోటు) ప్రెషర్ ఎక్కువగానే ఉండిపోతుంది, పైకి ఆయిల్ సరిగా రాదు. పంపు పైకి తోసినదాంట్లో సగం చిల్లులోంచి కేసింగ్‌లోకి జారి మళ్ళీ ఇన్‌టేక్‌కే వస్తుంది, తూట్లు పడ్డ బిందెతో నీళ్ళు మోసినట్టు. పైగా మోటార్ ఉండేది ఇన్‌టేక్ కింద, చల్లబడేది తన పక్కనుంచి పైకొచ్చే ద్రవంతో, ఈ తిరుగుడు సరుకేమో పైనుంచే ఇన్‌టేక్‌లోకి పోతుంది, మోటార్‌ని తాకదు. అందుకే ప్రొడక్షన్ తగ్గి మోటార్ టెంపరేచర్ మెల్లగా ఎక్కుతుంటే నేను ముందు దీన్నే అనుమానిస్తా.

టెస్ట్ సింపుల్. పంపు నడుస్తుండగా వింగ్ వాల్వ్ (వెల్‌హెడ్ పక్కన ఆయిల్ బయటికెళ్ళే దారిలోని వాల్వ్) కాసేపు మూసి ట్యూబింగ్ ప్రెషర్ చూడండి, వెల్‌హెడ్ రేటింగ్ దాటనివ్వకండి, ఎక్కువసేపు ఉంచకండి, అప్పుడు మోటార్‌కి చల్లదనం అసలుండదు. ప్రెషర్ కాస్త ఎక్కి అక్కడే ఆగిపోతే చిల్లు గానీ, అరిగిన స్టేజులు (పంపులో ఒకదానిపై ఒకటి ఉండి ద్రవాన్ని పైకి తోసే భాగాలు) గానీ, ఉల్టా రొటేషన్ గానీ. తర్వాత వాల్వ్ మూసే ఉంచి పంపు ఆపండి. ప్రెషర్ నిలబడితే ట్యూబింగ్ బాగానే ఉంది, స్టేజులు, రొటేషన్ చూడాలి. పడిపోతుంటే చిల్లు, లేదా చెక్ వాల్వ్ (ద్రవం వెనక్కి దిగకుండా ఆపే వాల్వ్) లీకు. చెక్ వాల్వ్ అయితే పంపులోంచే కిందికి దిగుతుంది కాబట్టి బ్యాక్‌స్పిన్ కనిపిస్తుంది, చిల్లు అయితే దాదాపు కనిపించదు. చాలామంది ఈ తేడా చూడకుండానే పంపు పాడైందని రిగ్ పిలిచి, కొత్త పంపు దించి, అదే పాత ట్యూబింగ్ మీద నడుపుతారు! చిల్లే అని తేలితే వర్కోవర్ (రిగ్ తెచ్చి ట్యూబింగ్ పైకి తీసి రిపేరు చేయడం) తప్పదు, ఎలాగూ పైకి తీస్తారు కాబట్టి కప్లింగ్ థ్రెడ్లు, డ్రెయిన్ వాల్వ్ కూడా చూసి, తుప్పు పట్టిన జాయింట్లన్నీ మార్చేయండి.

షాఫ్ట్ విరగడం అరుదు, ఆంప్స్ ఒక్కసారిగా నో-లోడ్ (మోటార్ ఖాళీగా తిరిగే) స్థాయికి పడిపోతాయి కాబట్టి వెతకక్కర్లేదు. స్కేల్ (లోపల గట్టిపడే ఖనిజ పొర) అనుమానమైతే కెమికల్ వాళ్ళతో మాట్లాడుకోండి.