త్రీడీ మోడల్ నుంచి లేత్ షాపుకి వెళ్లే డ్రాయింగ్ ఎలా తయారు చేయాలి?

జూన్, జూలై వచ్చాయంటే చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు ఊపిరి సలపదు. తోతాపురి కాయల లారీలు గేటు బయట బారులు తీరి ఉంటాయి. అట్లాంటప్పుడు కన్వేయర్ రోలర్‌ని పట్టుకునే బేరింగ్ హౌసింగ్ (బేరింగ్ కూర్చునే దిమ్మ) పగిలితే, కొత్తది మర్నాటికల్లా కావాలి. మోడల్ గంటలో అయిపోతుంది. కానీ రేణిగుంట దగ్గర గాజులమండ్యంలో లేత్ ముందు నిలబడిన టర్నర్ (లేత్ నడిపే మనిషి) చేతికి వెళ్లేది మోడల్ కాదు, కాయితం. ఆ కాయితం ఎలా తయారు చేయాలో ఈ హౌసింగ్‌తోనే చెబుతాను.

నేను వాడేది ఫ్రీక్యాడ్ అనే త్రీడీ డిజైన్ సాఫ్ట్‌వేర్. ఉచితంగా దొరుకుతుంది, 2024 నవంబరులో 1.0 వెర్షన్ వచ్చింది. డ్రాయింగ్ పనంతా అందులోని టెక్‌డ్రా వర్క్‌బెంచ్‌లో (డ్రాయింగ్ పనిముట్లు ఉండే భాగంలో) జరుగుతుంది. వేరే సాఫ్ట్‌వేర్‌లో మెనూ పేర్లు మారతాయి గానీ పని వరస ఇదే.

మన జాబ్ (చేయించాల్సిన భాగం) ఇది: 140 పొడవు, 60 వెడల్పు, 12 మందం ఉన్న అడుగు ప్లేటు. దాని మీద 80 డయా గుండ్రటి దిమ్మ. అందులో 6205 నంబరు బేరింగ్ కూర్చునే గుంట, అంటే బోర్. కుడి పక్కన గ్రీజు నిపుల్‌కి ఒక చిన్న రంధ్రం. అన్నీ మిల్లీమీటర్లే.

పేజీ, ఎదురు వ్యూ

టెక్‌డ్రాలో కొత్త పేజీ తెరిచి ఏ3 అడ్డం టెంప్లేట్ తీసుకోండి. 420 × 297 కాయితంలో ఈ జాబ్ 1:1 స్కేలులో హాయిగా పడుతుంది. తర్వాత త్రీడీ విండోలో బేరింగ్ గుంట ఉన్న ముఖం మీద క్లిక్ చేసి వ్యూ పెట్టండి. ఆ ముఖమే ఎదురు వ్యూ అవుతుంది. జాబ్ గురించి ఎక్కువ సంగతులు చెప్పే ముఖాన్నే ఎదురుగా పెట్టాలి.

ఫస్ట్ యాంగిలా, థర్డ్ యాంగిలా?

ఇక్కడ కాస్త ఆగాలి. ఎదురు వ్యూ చుట్టూ మిగతా వ్యూలు ఎక్కడ పెట్టాలో చెప్పే రెండు పద్ధతులివి. మన పాలిటెక్నిక్‌లలో, ఐటీఐలలో నేర్పేది ఫస్ట్ యాంగిల్. భారతీయ ప్రమాణాల సంస్థ ఎస్‌పీ 46 చెప్పేదీ అదే. గోడకు ముందు వస్తువు పెట్టి టార్చ్ వేసినట్టు ఊహించుకోండి. కుడి నుంచి వేస్తే నీడ ఎడమ గోడ మీద పడుతుంది. అంటే కుడి నుంచి చూసిన వ్యూ కాయితం మీద ఎడమ పక్కకు వస్తుంది, పైనుంచి చూసింది కిందకు వస్తుంది. థర్డ్ యాంగిల్‌లో ఇదంతా తిరగబడుతుంది: కుడి వ్యూ కుడికే, పై వ్యూ పైకే.

మొదట్లో నేను ఈ సెట్టింగ్ చూడకుండా థర్డ్ యాంగిల్‌లో కాయితం ఇచ్చాను. గ్రీజు రంధ్రం కుడి వ్యూలో కనిపిస్తోంది, ఆ వ్యూ కుడి పక్కనే ఉంది. ఎదురు వ్యూలో కనబడని గీతలు కూడా వేయలేదు. టర్నర్ ఫస్ట్ యాంగిల్ లెక్కన చదివి రంధ్రం ఎడమ పక్కన వేశారు. హౌసింగ్ బిగించాక ఆ వైపు మెషీన్ ఫ్రేమ్ అడ్డం, గ్రీజు గన్ దూరదు. వెళ్లి అడిగితే పెద్దాయన, "నాయనా, కాయితంలో ఎట్టుంటే అట్టే వేసినా గదా" అన్నారు. ఆయన మాటే నిజం. తప్పు నాది.

అందుకే ప్రిఫరెన్సెస్‌లో టెక్‌డ్రా కింద ప్రొజెక్షన్ గ్రూప్ యాంగిల్‌ని ఫస్ట్ యాంగిల్‌గా పెట్టండి. టైటిల్ బ్లాక్‌లో (కాయితం మూలన వివరాలు రాసే గడిలో) దాని గుర్తు ఉండాలి. వ్యూ ప్రాపర్టీస్‌లో హార్డ్ హిడెన్ ఆన్ చేస్తే లోపలి అంచులు చుక్కల గీతలుగా వస్తాయి.

ఇప్పుడు పై వ్యూ, కుడి వ్యూ టిక్ పెట్టండి. బేరింగ్ గుంట లోపల ఎట్లా ఉందో చుక్కల గీతల్లో చూపితే కళ్లు తిరుగుతాయి. ఎదురు వ్యూని ఎంచుకుని మధ్య నుంచి నిలువుగా కోసినట్టు లోపలిని చూపే వ్యూ, సెక్షన్ ఏ-ఏ వేయండి. ఒక మూలన ఐసోమెట్రిక్ వ్యూ (మూడు వైపులూ ఒకేసారి కనిపించే ఏటవాలు బొమ్మ) పెడితే జాబ్ ఆకారం చూడగానే అర్థమవుతుంది. దాని మీద మాత్రం కొలతలు వేయకండి. అందులో అంచులు దాదాపు 0.816 వంతుకు కుదించి కనిపిస్తాయి, ఆ గీత పొడవు అసలు సైజు కాదు.

కొలతలు

సాఫ్ట్‌వేర్ ఏ అంచుకైనా కొలత ఇస్తుంది. టర్నర్‌కి అన్నీ అక్కర్లేదు, తను జాబ్ కట్టి కొలవగలిగినవి కావాలి. ముందు ఆధారం ఏదో తేల్చుకోండి. ఇక్కడ అడుగు ప్లేటు కింది ముఖమే ఆధారం, ఎందుకంటే జాబ్ ఫ్రేమ్ మీద కూర్చునేది దాని మీదే. ఆ ముఖం నుంచి బోర్ కేంద్రానికి 50, ఇది ఎదురు వ్యూలో. ఎం12 బోల్టు రంధ్రాలు రెండూ 13.5 డయా, కేంద్రం నుంచి కేంద్రానికి 110, ఇది పై వ్యూలో. అంచు నుంచి 15, మధ్యలో 110, మళ్లీ 15, మొత్తం 140 అని అన్నీ వేయకండి. ఒకటి ఎక్కువైనప్పుడు దేన్ని నమ్మాలో ఆయనకు తెలియదు. ఒక కొలత ఒకసారే, అది బాగా కనబడే వ్యూలోనే వేయాలి.

6205 బేరింగ్ బయటి డయా 52, మందం 15. ఈ రెండూ సెక్షన్ వ్యూలోకి రావాలి. 52 పక్కన ఉత్త అంకె వేసి వదిలేయకూడదు. ఇక్కడ షాఫ్ట్ తిరుగుతుంది, బయటి రింగు కదలకూడదు కాబట్టి హెచ్7 ఫిట్ (గుంట సైజులో ఎంత తేడా ఉండొచ్చో చెప్పే ప్రామాణిక హద్దు, దాన్నే టాలరెన్స్ అంటారు) సరిపోతుంది: 52కి పైన +0.030, కింద 0. డైమెన్షన్ ప్రాపర్టీస్‌లో ఈక్వల్ టాలరెన్స్ తీసేసి, ఓవర్ టాలరెన్స్ 0.03, అండర్ టాలరెన్స్ 0 వేయండి. 0.02 చదివే వెర్నియర్‌తో ఈ తేడా తేల్చలేం, బోర్ గేజ్‌తోనే చూడమని నోట్ రాయండి. మిగతా కొలతలకు ఐఎస్‌ఓ 2768-ఎం (మామూలు కొలతలకు ఎంత తేడా ఉండొచ్చో చెప్పే పట్టిక) అని ఒక్క వాక్యం చాలు. 110కి ±0.3, 140కి ±0.5 అని ఆ పట్టికే చెబుతుంది.

మెటీరియల్, ఎన్ని కావాలి, తేదీ టైటిల్ బ్లాక్‌లో నింపండి.

మోడల్ మార్చితే డ్రాయింగ్ తనంతట తానే మారుతుంది. అయితే అంచులు పుట్టినా, పోయినా కొన్ని కొలతలు వేరే అంచుకి జారిపోయే ప్రమాదం ఉంది. 1.0లో ఇది చాలా తగ్గింది గానీ, మార్పు చేసిన ప్రతిసారీ కొలతలన్నీ ఎర్ర పెన్నుతో ఒక్కొక్కటీ టిక్ పెట్టుకోవాల్సిందే.

పీడీఎఫ్ తీసి, ప్రింట్‌లో పేజీకి సరిపెట్టే ఆప్షన్ తీసేసి 100 శాతం పెట్టండి. స్టీలు స్కేలుతో అడుగు ప్లేటు గీత కొలిస్తే 140 రావాలి. కాయితం చేతికి ఇచ్చేటప్పుడు "గ్రీజు రంధ్రం ఏ పక్కన వేస్తారు?" అని అడిగి, టర్నర్ వేలు ఎటు చూపిస్తుందో చూసి రండి.