వాడేసిన నూనె నుంచి బయోడీజిల్: బ్యాచ్ చెడితే ఎక్కడ చూడాలి?

విజయవాడ టిఫిన్ సెంటర్ల నుంచి, గుంటూరు మిర్చి బజ్జీ బండ్ల నుంచి వచ్చే నూనె ఏ రెండు డబ్బాల్లోనూ ఒకేలా ఉండదు. ఒకదాంట్లో పామాయిల్, ఇంకోదాంట్లో పత్తిగింజల నూనె, అడుగున శనగపిండి మడ్డి. ఈ నూనెకు మిథనాల్, కాస్టిక్ పొటాష్ (పొటాషియం హైడ్రాక్సైడ్) కలిపితే చర్య జరిగి పైన బయోడీజిల్, అడుగున గ్లిజరిన్ పొరలుగా విడాలి. బ్యాచ్ చెడగానే అందరూ ఆ కాస్టిక్ పొటాష్‌నే అనుమానిస్తారు. ఎక్కువసార్లు తప్పు నూనెలోని నీటిది, ఆమ్లానిది. ముందు ఆ రెండూ తేల్చుకోండి.

డ్రమ్ములో సరుకంతా జావలా గట్టిపడింది, పొరలు విడలేదు

ఇది సబ్బు. పదేపదే కాగిన నూనె విరిగి కొవ్వు ఆమ్లాలు విడిపడతాయి. పొటాష్ మిథనాల్‌తో కలిసి పని చేసేలోపే వీటితో కలిసి సబ్బైపోతుంది. నీరుంటే ఇంకా ఎక్కువవుతుంది. అప్పుడు మరికాస్త పొటాష్ పోస్తే నష్టమే.

నీటికి: నూనెను గోరువెచ్చగా చేసి వడగట్టి, ఒక రోజు తేరనిచ్చి, అడుగు మడ్డి తీసేయండి. తర్వాత 110 డిగ్రీల దాకా కాచండి. చిటపట ఆగేదాకా ఉంచి, 55 డిగ్రీలకు చల్లారాకే మిథనాల్ దగ్గరికి తీసుకురండి. మిథనాల్ 64.7 డిగ్రీలకే మరుగుతుంది. వేడి నూనెలో పోస్తే ఆవిరి ఎగదన్ని మంటంటుకుంటుంది. అది విషం కూడా, చూపు పోతుంది. మూత ఉన్న పాత్ర, గాలి ఆడే చోటు, చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. దగ్గర్లో పొయ్యి ఉండకూడదు.

ఆమ్లానికి టైట్రేషన్ (ఆమ్లమెంతో కొలిచే పరీక్ష): లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో 1 గ్రాము పొటాష్ కరిగించండి. 10 మి.లీ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఫినాఫ్తలీన్ (క్షారం తగిలితే గులాబీ రంగుకు మారే సూచిక) రెండు చుక్కలు వేసి, లేత గులాబీ వచ్చేదాకా ఆ ద్రావణం చుక్కచుక్కగా కలపండి. ఆ తర్వాతే 1 మి.లీ. నూనె వేసి, గులాబీ రంగు మళ్లీ వచ్చి నిలిచేదాకా ఎన్ని మి.లీ. పట్టిందో రాసుకోండి, అదే రీడింగ్. రీడింగ్ 2 అయితే, 90 శాతం శుద్ధి ఉన్న పొటాష్ లీటరు నూనెకు మామూలు మోతాదు 7 + రీడింగ్ 2, అంటే 9 గ్రాములు. 100 లీటర్లకు 900 గ్రాములు, మిథనాల్ 22–25 లీటర్లు. 55–60 డిగ్రీల దగ్గర గంటన్నర కలియదిప్పి, రాత్రంతా తేరనివ్వాలి.

రీడింగ్ 6 దాటితే పొటాష్ పెంచొద్దు. మంచి నూనె కలిపి దాన్ని దించడం అన్నిటికన్నా తేలిక. అది కుదరకపోతే ముందు ఆమ్ల ప్రక్రియ, అంటే కొవ్వు ఆమ్లాలను సల్ఫ్యూరిక్ ఆమ్లం సాయంతో బయోడీజిల్‌గా మార్చడం. రీడింగ్ 9 ఉన్న 100 లీటర్లకు 13 లీటర్ల మిథనాల్, 125 మి.లీ. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం. నూనెలో మిథనాల్ కలిపాక ఆమ్లాన్ని సన్నధారగా పోసి, 60 డిగ్రీల దగ్గర రెండు గంటలు. తేలిన మిథనాల్-నీటి పొర తీసేసి మళ్లీ టైట్రేషన్ చేయండి.

సరఫరాదారు చూపించే టీపీసీ (నూనె కాగి కాగి చెడిన పదార్థాల శాతం) మీటర్ రీడింగ్‌తో పొటాష్ లెక్క కట్టకండి. 2018 జూలై 1 నుంచి ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పెట్టిన 25 శాతం హద్దు, ఆ నూనె ఇంకా వంటకు పనికొస్తుందా లేదా అన్నదానికి. దాంట్లో ఆమ్లమెంతో తెలియదు.

సబ్బూ లేదు, గ్లిజరిన్ కూడా సరిగ్గా దిగలేదు

మూత సరిగా లేని పొటాష్ డబ్బా కారణం కావచ్చు. మన కోస్తా తేమకు వానాకాలంలో అది చూస్తుండగానే చెమర్చి, బలం తగ్గుతుంది. చిన్న ప్యాకెట్లు కొని, తెరిచిన రోజే వాడేయండి.

బయోడీజిల్‌ను నీళ్లతో కడిగితే తెల్లటి నురగగా మారి తేరడం లేదు

కలపడం ఆపి, 50–60 డిగ్రీలకు వేడిచేసి, వెచ్చటి ఉప్పునీళ్లు చల్లి వదిలేయండి. మొదటి కడుగులో గిలకొట్టకూడదు. నీటిని పైనుంచి జల్లులా పడనివ్వాలి. మళ్లీ అదే జరిగితే చర్య పూర్తికాలేదు. సగమే మారిన నూనె (గ్లిజరైడ్లు) నురగను పట్టి ఉంచుతుంది.

దాన్ని తేల్చే పరీక్ష: 27 మి.లీ. మిథనాల్‌లో 3 మి.లీ. బయోడీజిల్. పూర్తిగా కరిగితే మంచిది, అడుగున నూనె బొట్లు చేరితే చర్య మిగిలింది. ఇక్కడ చాలామంది మోసపోతారు: ఈ పరీక్ష 20–22 డిగ్రీల దగ్గర చేయాలి. మే నెల విజయవాడ ఎండలో వేడెక్కిన మిథనాల్ మిగిలిన నూనెను కూడా కరిగించుకుంటుంది, చెడ్డ బ్యాచ్ పాసైపోతుంది. మిథనాల్, బయోడీజిల్ సీసాలు రెండిటినీ ఐస్ నీళ్లలో పెట్టి, థర్మామీటరుతో చూసుకోండి. బ్యాచ్ ఈ పరీక్షలో తప్పితే గ్లిజరిన్ తీసేసి (అది ఉన్నంతసేపూ చర్య వెనక్కి లాగుతుంది), తడి ఉంటే ఆరబెట్టి, 100 లీటర్లకు 5 లీటర్ల మిథనాల్‌లో 150 గ్రాముల పొటాష్ కరిగించి మళ్లీ నడపండి.

అడుగు కుళాయి మూసుకుపోయింది

కాస్టిక్ సోడా వాడారు. దాని గ్లిజరిన్ చల్లారితే గడ్డకడుతుంది. బయటినుంచి వెచ్చజేసి దించండి, ఇకముందు పొటాష్ వాడండి.

జనవరి పొద్దున్న ఇంధనం మసకబారింది

మధ్యాహ్నానికి తేటబడితే అది పామాయిల్ మహిమ. దాని బయోడీజిల్ 15 డిగ్రీల దరిదాపుల్లోనే పేరడం మొదలుపెడుతుంది. ఆ సరుకును ఎండాకాలానికి ఉంచండి, చలికి పత్తిగింజల నూనె బ్యాచ్ వాడండి. మధ్యాహ్నానికీ మసక పోకపోతే నీరు మిగిలింది. మళ్లీ కాచి ఆరబెట్టాలి.

పొటాష్ బదులు వాడిన గుడ్డు పెంకుల సున్నం మొదట బాగా పనిచేసి, తర్వాత మందగించింది

పెంకులను 900 డిగ్రీల దగ్గర కాల్చితే వచ్చే కాల్షియం ఆక్సైడ్ గాలిలోని తేమను, కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని బలం కోల్పోతుంది. కాల్చాక గాలి తగలకుండా మూసి ఉంచండి. మందగించిందంటే మళ్లీ కాల్చండి. ఆమ్లం ఎక్కువున్న నూనెలో మాత్రం ఇది కాల్షియం సబ్బుగా కరిగిపోతుంది, దాన్ని ఇక తిరిగి వాడలేరు. రీడింగ్ 2 లోపున్న నూనెకే దీన్ని పరిమితం చేయండి.