పల్లె చర్చి హోమ్‌కమింగ్‌కి పిలిస్తే

అమెరికాలో అలబామా, జార్జియా రాష్ట్రాల పల్లెల్లో నల్లజాతి రైతు ఎవరైనా "మా చర్చి హోమ్‌కమింగ్‌కి రండి" అంటే, ఏదో మర్యాదకి అన్నారులే అనుకోకండి. నిజంగానే పిలిచారు. హోమ్‌కమింగ్ అంటే ఊరు విడిచి వెళ్లినవాళ్లంతా తిరిగొచ్చి కలిసే చర్చి పండుగ, ఎక్కువగా ఆగస్టులో ఉంటుంది. పత్తికి కలుపు తీతలు అయిపోయి, ఇంకా కోతకు రాని రోజులు కాబట్టి పూర్వం ఆ తీరికలోనే సభలు పెట్టుకునేవారు. ఇప్పుడు పత్తిని మెషీన్లు తీస్తున్నా చాలాచోట్ల నెల మారలేదు. షికాగో, డెట్రాయిట్ వలస పోయినవాళ్ల పిల్లలూ మనవలూ ఆ ఆదివారానికి వచ్చేస్తారు.

పట్టుచీరే కట్టుకోండి. నేనూ అదే కడతాను. పెద్ద టోపీల అమ్మమ్మలు అంచు పట్టుకుని చూడకుండా వదలరు.

కాస్త ముందే వెళ్లండి. ప్రార్థన జరుగుతుండగా వెళ్తే తెల్ల గ్లోవ్స్ వేసుకున్న అషర్లు (జనాన్ని కూర్చోబెట్టేవాళ్లు) అది అయ్యేదాకా తలుపు దగ్గరే ఆపేస్తారు. అది అవమానం కాదు, అందరికీ అదే రూలు. వాళ్లు చూపించిన చోటే కూర్చోండి. ముందు తెల్లబట్టల్లో కూర్చునేవాళ్లు చర్చి మదర్లు, అంటే చర్చిలో అందరూ గౌరవించే పెద్దావిడలు, ఆ బెంచీ జోలికి పోవద్దు. కొత్తవాళ్లను లేచి నిలబడమంటారు. తప్పించుకోలేరు! పేరు, ఊరు, ఎవరు పిలిచారో చెప్పి కూర్చుంటే చాలు. పాస్టర్ మాట్లాడుతుంటే జనం "ఆమెన్" అంటూ ఉంటారు, కథకుడికి ఊఁ కొట్టినట్టు. మీకు రాకపోతే మౌనంగా ఉండండి, ఫోన్ తీసి వీడియో మాత్రం తీయకండి. కానుకకి నగదు ఉంచుకోండి.

తర్వాత భోజనాలు. కొలార్డ్ ఆకుకూరలో సాధారణంగా పంది ఎముకో, పొగబెట్టిన టర్కీ మెడో వేస్తారు. శాకాహారులు అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు. పులిహోర తీసుకెళ్లాలనుకుంటే వంటల బల్ల చూసుకునే ఆవిడకి ముందే చెప్పండి.

అసలు జాగ్రత్త మాటల్లో. "ఎన్నెకరాలు? ఎకరం ఎంత పలుకుతోంది?" అని మనవాళ్ల నోట ఇట్టే వచ్చేస్తుంది. అడగొద్దు. 1920లో అమెరికాలో 9 లక్షలకు పైగా ఉన్న నల్లజాతి రైతులు, 2022 వ్యవసాయ లెక్కల్లో 50 వేల లోపే. వీలునామా లేకుండా తాత పోతే భూమి వారసులందరికీ ఉమ్మడి అవుతుంది. ఎక్కడో ఉన్న ఒక్కరి వాటా కొన్న బయటివాడు కోర్టుకెక్కి మొత్తం భూమినే అమ్మించేసిన కుటుంబాలు ఎన్నో. ప్రభుత్వ లోన్లలో వివక్ష మీద రైతులు వేసిన పిగ్‌ఫోర్డ్ కేసు 1999లో గానీ సెటిల్ కాలేదు. ధర అడిగే కొత్త మనిషంటే వాళ్లకి టెన్షన్ రాదా మరి? దాని బదులు వాన గురించి, వేరుశనగ గురించి అడగండి. సాయంత్రం దాకా చెబుతారు. పెద్దవాళ్లని ఉత్త పేరుతో పిలవకుండా ముందు మిస్ అనో, డీకన్ (చర్చి పెద్ద) అనో చేర్చండి.

బయల్దేరేటప్పుడు ఫాయిల్ చుట్టిన ప్లేటు చేతిలో పెడతారు, వద్దనకండి. కారులో ఐస్‌బాక్స్ ఉంటే మంచిది, ఆగస్టు ఎండలకి ఇల్లు చేరేలోపే పాడైపోతుంది.