లైసెన్స్ గన్ ఉంది సరే, ఎప్పుడు కాల్చొచ్చు? ఆత్మరక్షణ చట్టం ఎలా పనిచేస్తుందంటే

గన్ లైసెన్స్ కోసం తిరిగేవాళ్ళలో చాలామందికి ఒక నమ్మకం ఉంటుంది, లైసెన్స్ చేతికొచ్చిందంటే ఆత్మరక్షణ కోసం కాల్చే పర్మిషన్ కూడా వచ్చేసినట్టే అని. కాదండీ. లైసెన్స్ ఇచ్చేది 1959 ఆయుధాల చట్టం, అది గన్ మీ దగ్గర ఉండొచ్చా లేదా అన్నంతవరకే. కాల్చడం తప్పా ఒప్పా తేల్చేది మాత్రం భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా ఉన్న సెక్షన్లు, పాత ఐపీసీలో ఇవే 96 నుంచి 106, 2024 జూలై 1 నుంచి నంబర్లు మారాయి గానీ సరుకు దాదాపు అదే. ఆ సెక్షన్లకి మీ చేతిలో ఉన్నది లైసెన్స్ రివాల్వరా, గునపమా, రోకలిబండా అన్నదానితో పెద్దగా పనిలేదు, ఆ నిమిషంలో మీ మీదికొచ్చిన ప్రమాదం ఎంత, మీరు చేసింది దానికి తగ్గట్టు ఉందా అనేదే చూస్తాయి.

ముందు లైసెన్స్ సంగతి త్వరగా చెప్పేస్తా. 21 ఏళ్ళు నిండాలి. జిల్లాల్లో అయితే కలెక్టర్ దగ్గర, హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి కమిషనరేట్లలో పోలీస్ కమిషనర్ దగ్గర ఫారం ఏ-1 పెట్టుకోవాలి, గన్ వాడటం నేర్చుకున్నట్టు ట్రైనింగ్ సర్టిఫికెట్ కావాలి, ఇంట్లో భద్రంగా దాచే ఏర్పాటు చూపించాలి, తర్వాత పోలీస్ ఎంక్వైరీ. ఒక్క విషయం ఎవరూ చెప్పరు. 20 అంగుళాలకి తగ్గని బ్యారెల్ (గొట్టం) ఉన్న 12 బోర్ (బోర్ అంటే గొట్టం లోపలి వెడల్పు కొలత) తుపాకీ లాంటిది రక్షణ కోసమని అడిగితే, మీ మీద వేరే అభ్యంతరం లేకపోతే ఇవ్వాలి అనే ఆయుధాల చట్టం సెక్షన్ 13 అంటుంది, అదే రివాల్వర్, పిస్టల్ అడిగితే మాత్రం గట్టి కారణం ఉందని ఆఫీసర్‌కి అనిపించాలి. బెదిరింపులొస్తున్నాయని ఊరికే రాస్తే సరిపోదు, ఎప్పుడో ఇచ్చిన కంప్లైంట్ కాపీ, ఎఫ్ఐఆర్, మెసేజ్‌లు ఏమున్నా జత చేయండి. ఆస్తి చాల్లేదన్న ఒక్క కారణంతో రిజెక్ట్ చేయకూడదని కూడా చట్టంలోనే ఉంది. రిజెక్ట్ చేస్తే కారణాలు రాతపూర్వకంగా అడిగి తీసుకోండి, సెక్షన్ 18 కింద అప్పీల్‌కి అదే ఆధారం. 2019 సవరణ తర్వాత మనిషికి రెండు గన్‌ల కంటే ఎక్కువ ఉండకూడదు (అంతకుముందు మూడు), లైసెన్స్ గడువు మూడేళ్ళ నుంచి ఐదేళ్ళకి పెరిగింది. 9 ఎంఎం, పాయింట్ 38, పాయింట్ 303 లాంటివి నిషేధిత బోర్ కిందికొస్తాయి, మామూలు జనం ఆశపడటం దండగ, సాధారణంగా దొరికేది పాయింట్ 32.

తెచ్చుకున్నాక కూడా దాన్ని పట్టుకుని షో చేయకూడదు. బయటికి తీసుకెళ్తే హోల్‌స్టర్‌లో కనపడకుండా పెట్టుకోవాలి, తీసి ఊపితే చాలు, రూల్ తప్పినట్టే. పెళ్ళి బరాత్‌లో గాల్లోకి కాల్చి ఎవరి ప్రాణమైనా రిస్కులో పెడితే రెండేళ్ళ దాకా జైలు లేదా లక్ష దాకా ఫైన్, లేదా రెండూ, ఇది 2019లోనే చేర్చారు. ఎలక్షన్ నోటిఫికేషన్ వచ్చినప్పుడల్లా స్టేషన్ నుంచి గన్ డిపాజిట్ చేయమని కబురొస్తుంది, అప్పుడు వాదించకుండా ఇచ్చి రసీదు తీసుకోండి, నిజంగా ప్రాణభయం ఉంటే మినహాయింపు కోసం స్క్రీనింగ్ కమిటీకి ముందే అర్జీ పెట్టుకోండి. ఇంకోటి, లైసెన్స్ మీ పేరు మీదిది, బావమరిదికి ఒక పూట ఇవ్వడానికి అది స్కూటీ కాదు.

ఇప్పుడు అసలు విషయం, ఎప్పుడు కాల్చొచ్చు. ఒంటి మీదికొచ్చే ప్రమాదంలో అవతలివాడి ప్రాణం పోయినా నేరం కాని సందర్భాలు న్యాయ సంహిత సెక్షన్ 38లో ఏడు ఉన్నాయి: చంపేస్తాడనే భయం, తీవ్రగాయం చేస్తాడనే భయం, రేప్, అసహజ లైంగిక దాడి, కిడ్నాప్, పోలీసుల్ని పిలిచే వీల్లేకుండా బంధించడం కోసం చేసే దాడి, యాసిడ్ దాడి (ఇది 2013లో చేర్చారు). ఆ భయం సహేతుకంగా ఉండాలి, అంటే మీ చోట్లో ఉన్న మామూలు మనిషికి కూడా అదే భయం వేయాలి. దెబ్బ పడేదాకా ఆగక్కర్లేదు, భయం మొదలైన దగ్గర్నుంచి హక్కు మొదలు, భయం పోయిన క్షణం హక్కు కూడా పోతుంది. అన్నిట్లోకీ ఎక్కువమంది జారిపోయేది ఈ చివరి ముక్క దగ్గరే. కత్తి పట్టుకుని మీదికొస్తున్నవాణ్ణి కాల్చడం వేరు, కత్తి పడేసి పారిపోతున్నవాణ్ణి వెనకనుంచి కాల్చడం వేరు, రెండోది ఆత్మరక్షణ కాదు, కోపం. గాయం వీపు మీద ఉందా ఛాతీ మీద ఉందా, ఎంత దూరం నుంచి కాల్చారు, ఒక గుండా ఆరా, ఇవన్నీ పోస్ట్‌మార్టం రిపోర్ట్‌లో, ఫోరెన్సిక్ రిపోర్ట్‌లో బయటపడతాయి.

అలాగని కోర్టులు మరీ తక్కెడ పెట్టి తూచవు. 2010లో దర్శన్ సింగ్ కేసని పంజాబ్‌ది ఒకటుంది, పొలం గొడవలో తండ్రి మీద దాడి జరుగుతుంటే కొడుకు లైసెన్స్ తుపాకీతో కాల్చాడు, అవతలి మనిషి చనిపోయాడు, కింది కోర్టు వదిలేసింది, హైకోర్టు శిక్ష వేసింది, చివరికి సుప్రీంకోర్టు అతన్ని నిర్దోషిగా వదిలింది. దాడి జరిగేటప్పుడు పారిపోవాల్సిన బాధ్యత మనకి లేదని, పిరికివాడిలా ఉండమని చట్టం చెప్పదని, ఆ హడావిడిలో మనిషి ఎంత బలం వాడాలో కొలతబద్దతో లెక్కేసుకోలేడని కోర్టులు చాలాసార్లు చెప్పాయి. గన్ ఉన్న ప్రతివాడూ చదవాల్సిన తీర్పు ఇది.

ఆస్తి విషయంలో మాత్రం గీత చాలా సన్నగా ఉంటుంది. దోపిడీ, సూర్యాస్తమయం తర్వాత సూర్యోదయం లోపు ఇంటికి కన్నం వేయడం, మనుషులుండే ఇంటికి నిప్పు పెట్టడం, లేదా దొంగతనమే అయినా అడ్డుకోకపోతే ప్రాణానికి ముప్పు అనిపించేలా ఉండటం, వీటిల్లోనే ప్రాణం తీసేదాకా వెళ్ళే హక్కు ఉంది (సెక్షన్ 41). పట్టపగలు మామిడితోటలో కాయలు కోసుకుపోతున్నవాణ్ణి కాలిస్తే మీరే ముద్దాయి. గట్టు తగాదాలో పక్కపొలం వాడు రాయి జరిపాడని తుపాకీ తీస్తే కూడా అంతే, స్టేషన్‌కి వెళ్ళే టైమ్ ఉన్నప్పుడు ఈ హక్కే లేదని సెక్షన్ 37 చెప్తుంది. గొడవ మీరే మొదలుపెట్టి తర్వాత ఆత్మరక్షణ అనడం కూడా చెల్లదు. డ్యూటీలో ఉన్న పోలీసు మంచి ఉద్దేశంతో అరెస్ట్ చేయడానికొస్తే, ప్రాణానికి ముప్పు లేనంతవరకు, ఎదురుతిరిగే హక్కు లేదు.

గాల్లోకి ఒకటి పేలిస్తే సేఫ్ కదా అంటారు కొందరు. ముప్పు నిజంగా ఉంటే ఆ ఒక్క రౌండ్ మీరు ఓర్పు చూపించారని సాక్ష్యం అవుతుంది, ముప్పు లేకపోతే అదే మీ మీద కేసు అవుతుంది, గాల్లోకి పోయిన గుండు ఎక్కడో ఒకచోట దిగాలి కదా. పొలంలో అడవిపందుల సంగతి ఇంకా వేరు: జంతువు మనిషి మీద పడితే కాపాడుకోవడానికి చంపడం వన్యప్రాణి చట్టం సెక్షన్ 11 ప్రకారం నేరం కాదు, పంట తింటోందని మనంతట మనం కాల్చడం మాత్రం అందులోకి రాదు, దానికి అనుమతి విడిగా తీసుకోవాలి.

నాటు తుపాకీ దాచుకున్నవాళ్ళ కోసం ఒక మాట. నిజమైన ఆత్మరక్షణ అయితే హత్య కేసులోంచి బయటపడొచ్చు, కానీ లైసెన్స్ లేకుండా పెట్టుకున్నందుకు ఆయుధాల చట్టం సెక్షన్ 25 కేసు విడిగా నడుస్తుంది, 2019 తర్వాత దానికి రెండేళ్ళ నుంచి ఐదేళ్ళ దాకా జైలు.

అమెరికాలో ఉన్న మనవాళ్ళు అక్కడి వీడియోలు చూసి ఇక్కడ చెప్పే కబుర్లు పట్టించుకోకండి, వాళ్ళ చట్టం పూర్తిగా వేరు. అక్కడ కూడా హెచ్ వన్ బీ, స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు గన్ పెట్టుకోవడం ఫెడరల్ నేరం, హంటింగ్ లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులు తప్ప. గ్రీన్ కార్డ్ ఉంటే ఫెడరల్ చట్టం ఒప్పుకుంటుంది, కాల్చే హక్కు ఎంతవరకో రాష్ట్రాన్ని బట్టి మారుతుంది.

ఇక ఇక్కడ కాల్చాల్సే వచ్చిందనుకోండి, ఆ తర్వాత గంట చాలా ముఖ్యం. ప్రమాదం ఆగగానే కాల్చడం ఆపండి, 112కి మీరే ఫోన్ చేయండి, దాడి జరిగింది, కాల్చాల్సి వచ్చింది, అంబులెన్స్ పంపండి అని మూడు ముక్కల్లో చెప్పండి. కిందపడ్డవాడు దాడి చేసినవాడే అయినా ఆసుపత్రికి పంపించాలి. ఖాళీ తూటాలు ఏరకండి, రక్తం కడగకండి, గన్ తుడవకండి, పోలీసులొచ్చాక పంచనామా రాసి సీజ్ చేయనివ్వండి. మీ ఒంటి మీద చిన్న గీత ఉన్నా ప్రభుత్వాసుపత్రిలో చూపించి వూండ్ సర్టిఫికెట్ (గాయాల వివరాల పత్రం) రాయించుకోండి, ముద్దాయి గాయాలు ఎలా అయ్యాయో ప్రాసిక్యూషన్ (కేసు నడిపే ప్రభుత్వ పక్షం) చెప్పలేకపోతే వాళ్ళ కథ బలహీనపడుతుందని 1976లోనే లక్ష్మీ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సీసీ కెమెరా ఫుటేజ్ ఉంటే వెంటనే కాపీ తీయించండి.

ఎఫ్ఐఆర్‌లో మీ పేరు ముద్దాయిగానే ఉండొచ్చు, కంగారుపడకండి. వివరంగా మాట్లాడేముందు లాయర్‌ని పిలవండి, మీకు వ్యతిరేకంగా మీరే సాక్ష్యం చెప్పాలని ఎవరూ బలవంతం చేయలేరు. ఆత్మరక్షణ అని చూపించాల్సింది మీరే, కాకపోతే ప్రాసిక్యూషన్‌లాగా అనుమానం లేకుండా నిరూపించక్కర్లేదు, అలా జరిగి ఉండటానికే ఎక్కువ అవకాశం ఉందని చూపిస్తే చాలు, వాళ్ళ సాక్షుల నోటినుంచే రాబట్టినా చెల్లుతుంది. హక్కు ఉండి, చెడు ఉద్దేశం లేకుండా, కాస్త హద్దు దాటారని తేలితే హత్య కింద కాకుండా న్యాయ సంహిత సెక్షన్ 105 కింద తక్కువ శిక్షకి మారుతుంది. ఈలోపు లైసెన్స్ సస్పెండ్ చేసే అధికారం ఆయుధాల చట్టం సెక్షన్ 17 కింద కలెక్టర్‌కో కమిషనర్‌కో ఉంటుంది, సీజ్ చేసిన గన్ కేసు తేలేదాకా కోర్టు చేతిలోనే.